వెబ్ సర్వర్ల తులనాత్మక పరీక్షలు – రద్దీ నిర్వహణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారీ రద్దీని తట్టుకోవడానికి ఏ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలి, దాన్ని ఎలా ట్యూన్ చేయాలి అన్న ప్రశ్నపై దాదాపు మూడు దశాబ్దాలుగా విస్తారమైన రచన వెలువడింది. 1999 నాటి డాన్ కెగెల్ వ్యాసం, అదే ఏడాది వచ్చిన మైండ్‌క్రాఫ్ట్ నివేదిక, త్రెడ్‌లకూ ఈవెంట్‌లకూ మధ్య విశ్వవిద్యాలయాలలో సాగిన వాదం ఇందులో ముఖ్యమైనవి. ఇవి ఏ ప్రశ్నకు సమాధానం చెప్పాయి, వీటిని అనుసరించిన తులనాత్మక పరీక్షలు ఏ ప్రశ్నను వదిలేశాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎక్కువ కనెక్షన్లను పట్టి ఉంచడం ఒక శక్తి, ఎక్కువ మందికి పని పూర్తిచేసి పంపడం మరొక శక్తి. చాలా పరీక్షలు మొదటిదాన్ని కొలిచి రెండవదాని పేరు పెడుతున్నాయన్నది ఇక్కడి వాదన.

కీలకపదాలు: వెబ్ సర్వర్, అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్, రద్దీ, నిరీక్షణ, ట్యూనింగ్, తులనాత్మక పరీక్ష.

1. ప్రవేశిక

మీసేవా కేంద్రంలోనూ, కళాశాల కార్యాలయంలోనూ, రైలు టికెట్లు తీసే దుకాణంలోనూ వినిపించే మాట ఒకటే: “సర్వర్ డౌన్”. ఈ రెండు పదాల కింద ఎన్నో వేర్వేరు రోగాలు దాగి ఉంటాయి. డేటాబేస్‌లో ఒక పట్టికకు తాళం పడి ఉండవచ్చు. సర్వర్ ప్రాసెస్‌లన్నీ నిండిపోయి కొత్త కనెక్షన్ గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు. మెమరీ చాలక యంత్రం డిస్క్ మీదికి పేజీలు మోస్తూ ఉండవచ్చు. నెట్‌వర్క్ తీగే తెగి ఉండవచ్చు. వినియోగదారుడికి ఈ భేదాలతో పని లేదు. పరిశోధకుడు కూడా వీటిని వేరు చేయకపోతేనే చిక్కు వస్తుంది.

కంప్యూటర్ సైన్స్ విభాగాల ప్రాజెక్టు నివేదికలలో తరచుగా కనిపించే తులనాత్మక పరీక్షకు ఒక స్థిరమైన నమూనా ఉంది. ఒకే యంత్రం మీద అపాచీనీ ఎన్‌జిన్‌ఎక్స్‌నూ ఉన్నవి ఉన్నట్టుగా స్థాపిస్తారు. ఒక చిన్న ఫైలును పెట్టి, అపాచీ బెంచ్ వంటి పనిముట్టుతో కొన్ని వేల అభ్యర్థనలు పంపుతారు. సెకనుకు ఎన్ని సమాధానాలు వచ్చాయో పట్టీ గీసి, పొడవైన పట్టీ ఉన్న సాఫ్ట్‌వేర్ “మెరుగైనది” అని తేలుస్తారు. ఈ తీర్మానం అక్కడితో ఆగదు. పాఠ్యాంశంలోకి వెళ్తుంది, కొనుగోలు ప్రతిపాదనలోకి వెళ్తుంది, ఏదో ఒక ప్రవేశ పరీక్ష వెబ్‌సైటు రూపకల్పనలోకి వెళ్తుంది. వెబ్ ఆప్షన్ల చివరి రోజున పేజీ తెరుచుకోని విద్యార్థి కోల్పోయేది ఒక సీటు. అందుచేత ఈ పరీక్షలు ఏమి కొలుస్తున్నాయన్న ప్రశ్న పద్ధతిశాస్త్రానికి మాత్రమే పరిమితమైనది కాదు.

2. పదివేల మంది ప్రశ్న

అమెరికాలోని ఎన్‌సీఎస్ఏలో రాబ్ మెక్‌కూల్ రాసిన సర్వర్ అభివృద్ధి ఆగిపోయిన దశలో, దానికి ఎవరికి వారు సవరణలు చేసుకుంటూ వచ్చిన నిర్వాహకులు 1995లో అపాచీ బృందంగా ఏర్పడ్డారు. ఏడాది గడిచేసరికి అపాచీ అత్యధికంగా వాడుకలో ఉన్న వెబ్ సర్వర్ అయింది. దాని తొలి పద్ధతి సరళం. కొన్ని ప్రాసెస్‌లను ముందుగానే పుట్టించి ఉంచుతారు. ఒక్కో కనెక్షన్‌ను ఒక్కో ప్రాసెస్ పట్టుకుంటుంది. ఒక ప్రాసెస్ కూలినా మిగతావి నిలుస్తాయి. ఇది చిన్న సుగుణం కాదు. అయితే అవతలివైపు వ్యక్తి నెమ్మదిగా దిగుమతి చేసుకుంటున్నంత సేపూ ఆ ప్రాసెస్ ఏ పనీ చేయకుండానే తన మెమరీని పట్టుకుని కూర్చుంటుంది.

డాన్ కెగెల్ 1999లో మొదలుపెట్టి తరువాత సవరిస్తూ వచ్చిన “సి10కె సమస్య” అనే వ్యాసం ఇక్కడే వేలు పెట్టింది. ఒక సర్వర్ ఏకకాలంలో పదివేల మంది క్లయింట్లను ఎందుకు నిర్వహించలేకపోతున్నదని ఆ వ్యాసం అడిగింది. కెగెల్ వేసిన లెక్క ఆకర్షణీయమైనది. 1000 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 గిగాబైట్ల మెమరీ, సెకనుకు 1000 మెగాబిట్ల నెట్‌వర్క్ కార్డు ఉన్న యంత్రం సుమారు 1200 డాలర్లకు దొరుకుతుంది. దాన్ని 20,000 మందికి పంచితే ఒక్కొక్కరికీ 50 కిలోహెర్ట్జ్, 100 కిలోబైట్లు, సెకనుకు 50 కిలోబిట్లు వస్తాయి. కొద్ది కిలోబైట్లు డిస్క్ నుంచి తీసి నెట్‌వర్క్‌కు అందించడానికి ఇంతకంటే ఎక్కువ అవసరం ఉండకూడదు కదా అన్నది వాదం. దోషం హార్డ్‌వేర్‌ది కాదనీ, ఆపరేటింగ్ సిస్టమ్‌నూ సర్వర్‌నూ రాసిన తీరుదనీ తేల్చి, వ్యాసం ఆపై అందుబాటులో ఉన్న మార్గాలన్నిటినీ వర్గీకరించింది.

ఆ వర్గీకరణ నేటికీ చదవదగినది. విమర్శ అవసరమయ్యేది దాని వెనుక ఉన్న ఊహల విషయంలో. యంత్రాన్ని తలకింతగా భాగించే ఈ లెక్కలో ప్రతి క్లయింటు కోరేదీ ఒకటే, అది ఇప్పటికే డిస్క్ మీద సిద్ధంగా ఉన్న ఫైలు. కెగెల్ ఉదహరించిన సీడీరామ్.కామ్ దిగుమతుల కేంద్రానికి ఈ ఊహ సరిగ్గా సరిపోతుంది. ప్రతి పేజీనీ ఒక ప్రోగ్రామ్ డేటాబేస్‌ను అడిగి అప్పటికప్పుడు తయారుచేసే సైటుకు సరిపోదు. వ్యాసంలో లేని ఈ రెండవ సందర్భానికి కూడా దాని సమాధానాన్ని తరువాతి పాఠకులు మోసుకుపోయారు.

సమాధానం త్వరలోనే సాఫ్ట్‌వేర్ రూపం ధరించింది. పాత సెలెక్ట్ పద్ధతిలో సర్వర్ ప్రతిసారీ కనెక్షన్ల జాబితా మొత్తాన్ని కెర్నల్‌కు అప్పగించి ఎవరు సిద్ధంగా ఉన్నారని అడగాలి. పదివేలలో పదిమందే సిద్ధమైనా మొత్తం జాబితా తడమాలి. 2003 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6లోని ఈపోల్ పద్ధతిలో జాబితాను ఒకసారి నమోదు చేస్తే చాలు, సిద్ధమైనవారి పేర్లే తిరిగి వస్తాయి. రష్యాలోని రాంబ్లర్ సంస్థలో పనిచేస్తూ ఇగోర్ సిసోయెవ్ 2002లో మొదలుపెట్టి 2004లో బహిరంగంగా విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ ఈ తరహా ఈవెంట్ ఆధారిత నిర్మాణానిదే. కొద్దిపాటి ప్రాసెస్‌లు, సాధారణంగా కోర్‌కు ఒకటి చొప్పున, ఒక్కొక్కటీ వేల కనెక్షన్లను కనిపెట్టుకుని ఉంటాయి. నిరీక్షించే కనెక్షన్ ఖర్చు ఒక ప్రాసెస్ నుంచి కొద్ది కిలోబైట్లకు దిగింది.

తిరుమలలోని వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌ను తలచుకుంటే ఇక్కడ సాధించినదేమిటో, సాధించనిదేమిటో తేటపడుతుంది. కంపార్ట్‌మెంట్లు పెంచితే భక్తులు ఎండకూ వానకూ రోడ్డు మీద నిలబడకుండా లోపల కూర్చోగలుగుతారు. సన్నిధి ముందు నుంచి గంటకు సాగేవారి సంఖ్య మాత్రం కంపార్ట్‌మెంట్లతో పెరగదు. ఈవెంట్ ఆధారిత సర్వర్ చవకైన, విశాలమైన కంపార్ట్‌మెంటు. దానితో దర్శనం వేగం పెరిగిందని ప్రకటించడమే తులనాత్మక పరీక్షలు చేస్తున్న పొరపాటు.

3. మైండ్‌క్రాఫ్ట్ నివేదిక: ట్యూనింగ్ ఎవరిది?

ఈ పొరపాటుకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1999 ఏప్రిల్‌లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ సొమ్ముతో మైండ్‌క్రాఫ్ట్ సంస్థ జరిపిన పరీక్షలో, నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్క్ కార్డులు ఉన్న డెల్ యంత్రం మీద, వెబ్ సర్వర్‌గా విండోస్ ఎన్‌టీ లినక్స్–అపాచీ జంటకంటే 3.7 రెట్లు వేగంగా పనిచేసినట్టు తేలింది. లినక్స్ వర్గాలు మండిపడ్డాయి. విండోస్‌ను నిపుణులు ట్యూన్ చేశారనీ, లినక్స్‌ను గాలికి వదిలేశారనీ ఆరోపించాయి. కొద్ది వారాలలోనే లినక్స్ పక్షం వారి సమక్షంలో పరీక్షను మళ్లీ జరిపారు. అంతరం తగ్గినా విండోస్ ముందే నిలిచింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా పక్షపాత పరీక్షకు నమూనాగా చెబుతారు. అది సగం నిజమే. నాలుగు ప్రాసెసర్లూ ఏకకాలంలో నెట్‌వర్క్ పనిలోకి దిగకుండా నాటి లినక్స్ కెర్నల్‌లో ఒకే తాళం అడ్డుపడేది. ఒక్క కనెక్షన్ వస్తే నిద్రపోతున్న ప్రాసెస్‌లన్నీ మేలుకుని పోటీపడేవి. పరీక్ష బయటపెట్టిన ఈ లోపాలు వాస్తవమైనవి. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 నాటికి వాటిని చాలామేరకు సరిదిద్దారు. సొమ్ము ఎవరిదైనా, ఆ కొలత కెర్నల్‌కు మేలే చేసింది.

నివేదికను ప్రశ్నించవలసిన చోటు వేరే ఉంది. సెకనుకు 100 మెగాబిట్ల కార్డులు నాలుగింటిని నింపేంత ఫైళ్ల రద్దీ 1999లో ఎన్ని సైట్లకు ఉండేది? అమెరికన్ సంస్థలు ఆనాడు అద్దెకు తీసుకునే టీ1 లైను సామర్థ్యం సెకనుకు సుమారు 1.5 మెగాబిట్లు. ఆ లైను చివర ఏ సర్వర్ పెట్టినా వినియోగదారుడికి తేడా తెలిసే అవకాశం లేదు. ఎవరికీ లేని రద్దీలో ఎవరు గెలుస్తారో తేల్చిన పరీక్ష అది. కొనుగోలుదారులు మాత్రం దాన్ని తమ రద్దీకి సమాధానంగా చదువుకున్నారు.

4. త్రెడ్‌లా, ఈవెంట్‌లా? విశ్వవిద్యాలయాల వాదం

1996 యూజెనిక్స్ సమావేశంలో జాన్ ఔస్టర్‌హౌట్, చాలా అవసరాలకు త్రెడ్‌లు చెడ్డ ఆలోచన అని ప్రసంగించారు. 2003లో రాబ్ ఫాన్ బెరెన్, జెరెమీ కాండిట్, ఎరిక్ బ్రూవర్ దానికి ఎదురుగా, ఈవెంట్‌లే చెడ్డ ఆలోచన అని పత్రం సమర్పించారు. ఈ రెంటి మధ్య కాలంలోనే, 2001లో, మాట్ వెల్ష్, డేవిడ్ కల్లర్, అదే ఎరిక్ బ్రూవర్ కలిసి ఈవెంట్‌లనూ త్రెడ్‌లనూ దశల వారీగా మేళవించే సెడా నిర్మాణాన్ని ప్రతిపాదించారు. రెండేళ్లలో ఒకే పరిశోధకుడు రెండు పక్షాలలోనూ కనిపించడాన్ని చపలత్వంగా చూడనక్కరలేదు. ప్రశ్న ఇంకా తేలలేదనడానికి అది నిదర్శనం.

సెడా పత్రంలో తరువాతి పరీక్షకులు అందిపుచ్చుకోని ఒక ఉత్తమ అంశం ఉంది. అది సెకనుకు వచ్చే సమాధానాలతో తృప్తిపడలేదు. ఎవరు ఎంతసేపు నిరీక్షించారన్నది కూడా కొలిచింది. తమ హబూబ్ సర్వర్‌తో అపాచీని పోల్చినప్పుడు మొత్తం వేగంలో తేడా స్వల్పం. నిరీక్షణ పంపకంలో తేడా అపారం. అపాచీ వద్ద అదృష్టం బాగున్నవారికి వెంటనే సమాధానం వచ్చింది, కొందరికి నిమిషానికి పైగా పట్టింది. కారణం టీసీపీలో ఉంది. గుమ్మం దగ్గరి వరుస నిండితే కొత్తవాడి పలకరింపు నిశ్శబ్దంగా రాలిపోతుంది. నాటి నియమం ప్రకారం అతడి యంత్రం 3 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ తరువాత 6, ఆపై 12, 24, 48 సెకన్లు. అయిదుసార్లు విఫలమైనవాడు అప్పటికి 93 సెకన్లు గడిపి ఉంటాడు. సగటు లెక్కలో ఈ మనిషి కనబడడు. వెల్ష్ 2010లో సెడాను పునరాలోచించినప్పుడు కూడా, రద్దీనీ ఇరుకు స్థానాలనూ ప్రోగ్రామర్ కంటికి కనిపించేలా చేయడమే ఆ కృషిలో ముఖ్యమైనదన్న అభిప్రాయానికే వచ్చారు.

ఈ వాదానికి అత్యంత నిదానమైన తీర్పు 2007 యూరోసిస్ సమావేశంలో డేవిడ్ పారియాగ్, టిమ్ బ్రెక్ట్ తదితరులు సమర్పించిన పత్రం. ఈవెంట్, త్రెడ్, మిశ్రమ నిర్మాణాలకు ఒక్కొక్క సర్వర్‌ను తీసుకుని, ఒక్కొక్కదాన్నీ దానికి తగిన విలువలు దొరికేవరకు ఓపికగా ట్యూన్ చేసి, ఆ తరువాతే పోల్చారు. అంతిమంగా త్రెడ్ సర్వర్‌కూ మిగతా రెంటికీ మధ్య మిగిలిన తేడా సుమారు 18 శాతం. సరిగా ట్యూన్ చేసిన సర్వర్‌కూ చేయని సర్వర్‌కూ మధ్య తేడా ఇంతకు మించి ఉండగలదన్నది ఆ పత్రం చదివినవారికి స్పష్టమవుతుంది. ఉన్నవి ఉన్నట్టుగా స్థాపించి పోల్చే నివేదికలకు ఇంతకంటే గట్టి అభ్యంతరం అక్కరలేదు. అవి కొలిచేది ప్యాకేజీ తయారుచేసినవారు ఎంచుకున్న ప్రారంభ విలువలను. అపాచీని పాత ప్రీఫోర్క్ పద్ధతిలో నడిపి ఓడించడం ఈ కోవలోనిదే. కనెక్షన్‌ను పట్టి ఉంచే పనిని త్రెడ్ నుంచి తప్పించే ఈవెంట్ విధానం 2012లో వచ్చిన అపాచీ 2.4 నాటికే స్థిరరూపంలో అందుబాటులో ఉంది.

5. కొలత పనిముట్టులోని లోపం

పరీక్షా పద్ధతిలో అన్నిటికంటే లోతైన దోషం పనిముట్టులోనే ఉంది. అపాచీ బెంచ్‌ను నూరు సమాంతర కనెక్షన్లతో నడిపితే, ఆ నూరింటిలో ప్రతి ఒక్కటీ తనకు సమాధానం వచ్చాకనే తదుపరి అభ్యర్థన పంపుతుంది. సర్వర్ మందగిస్తే పనిముట్టు కూడా మర్యాదగా మందగిస్తుంది. లోకంలో జనం అలా రారు. ముందువారికి సమాధానం రాలేదని తెలియని కొత్తవారు వస్తూనే ఉంటారు, సమాధానం రానివారు రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటారు. ఈ రెండు రకాల రద్దీలనూ సంవృతం, వివృతం అని వేరుచేసి, ఒకదాని ఫలితాలను మరొకదానికి అన్వయిస్తే ఎంత తప్పు జరుగుతుందో బియాంకా ష్రోడర్, ఆడమ్ వైర్‌మన్, మోర్ హార్కోల్-బాల్టర్ 2006లోనే నిరూపించారు. అంతకు ముందే, 1998లో, సర్వర్ స్థితితో నిమిత్తం లేకుండా నిర్ణీత వేగంతో అభ్యర్థనలు పంపగల హెచ్‌టీటీపెర్ఫ్ అనే పనిముట్టును డేవిడ్ మోస్‌బెర్గర్, తాయ్ జిన్ రూపొందించి ఉన్నారు. అయినా సులభంగా దొరికే సంవృత పనిముట్టే ప్రమాణంగా కొనసాగుతోంది.

దోషం పరిమాణాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒకే కనెక్షన్‌తో 100 సెకన్ల పరీక్ష. సర్వర్ ప్రతి అభ్యర్థనకూ 10 మిల్లీసెకన్లలో సమాధానం ఇస్తుంది, మధ్యలో ఒకసారి మాత్రం 10 సెకన్లు స్తంభించిపోతుంది. పనిముట్టు నమోదు చేసేవి 10 మిల్లీసెకన్ల సమాధానాలు 9,000, పది సెకన్ల సమాధానం ఒక్కటి. నివేదికలో 99.9 శాతానికి పైగా అభ్యర్థనలు తక్షణమే నెరవేరినట్టు కనిపిస్తుంది. వాస్తవంలో ఆ వంద సెకన్లలో సమంగా వచ్చిన జనంలో పదోవంతు మంది స్తంభించిన కాలంలో వచ్చారు. సగటున 5 సెకన్లు నిరీక్షించారు. గిల్ తేనె ఈ దోషానికి ప్రత్యేకంగా పేరు పెట్టి ప్రచారం చేశాక కొన్ని పనిముట్లు మారాయి. నివేదికలు మాత్రం పెద్దగా మారలేదు.

6. ఫలితాల రోజు లెక్క

పట్టి ఉంచడానికీ పని పూర్తిచేయడానికీ గల భేదాన్ని తెలుగు రాష్ట్రాలలో అందరికీ తెలిసిన సందర్భం మీద పరీక్షించవచ్చు. ఇంటర్మీడియట్ ఫలితాలు విడుదలైన క్షణం నుంచి లక్షల మంది హాల్‌టికెట్ నంబరుతో ఒకేసారి వస్తారు. లెక్క కోసం 10 లక్షల మంది విద్యార్థులు తొలి పది నిమిషాలలో తలా అయిదుసార్లు ప్రయత్నించారనుకుంటే, మొత్తం 50 లక్షల అభ్యర్థనలు, అంటే సెకనుకు సుమారు 8,333.

ప్రతి ఫలితానికీ డేటాబేస్‌ను అడగాలనుకుందాం. ఒక్కో ప్రశ్నకు 20 మిల్లీసెకన్లు, 32 సమాంతర కనెక్షన్లు ఉంటే డేటాబేస్ సెకనుకు తీర్చగలిగేది 1,600. సెకనుకు 6,700 మందికి పైగా మిగిలిపోతారు. ఒక్క నిమిషం గడిచేసరికి నాలుగు లక్షల అభ్యర్థనలు పేరుకుంటాయి. ముందున్నది ప్రీఫోర్క్ అపాచీ అయితే గుమ్మం దగ్గరే చాలామంది రాలిపోతారు. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే ఎంతో ఎక్కువ మందిని ఆహ్వానించి, లోపల కూర్చోబెట్టి, చివరికి గడువు తీరిందన్న సందేశంతో పంపుతుంది. మార్కులు చూసినవారి సంఖ్య రెండు సందర్భాలలోనూ సెకనుకు 1,600కు మించదు. పైగా విసిగి వెళ్లిపోయినవాడి అభ్యర్థనను కూడా డేటాబేస్ శ్రద్ధగా పూర్తిచేస్తూ ఉంటే, ఆ 1,600లో ఎన్ని వృథాయో చెప్పలేం. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం లోపల ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే కాలంతో గుణించినంత. సర్వర్ పేరుకు ఆ సూత్రంలో చోటు లేదు.

ఇప్పుడు అదే ఫలితాలను ముందురోజు రాత్రే పది లక్షల చిన్న ఫైళ్లుగా తయారుచేసి ఉంచితే? ఒక్కో ఫైలు 5 కిలోబైట్లనుకుంటే సెకనుకు సుమారు 42 మెగాబైట్లు, అంటే 333 మెగాబిట్లు. సాధారణ గిగాబిట్ కార్డులో మూడోవంతు. కెగెల్ ఊహ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సరిగా ట్యూన్ చేసిన ఏ సర్వర్ అయినా ఈ పని చేయగలదు. సురక్షిత కనెక్షన్ కోసం జరిగే తొలి కరచాలనం ఖర్చు వేరే ఉంది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళంతో ఒక్కో కోర్ సెకనుకు వెయ్యి, రెండు వేల కరచాలనాలకే అలసిపోతుంది; దీర్ఘవృత్త పద్ధతి తాళం ఆ భారాన్ని ఎన్నో రెట్లు తగ్గిస్తుంది. అంటే ఈ సందర్భంలో నిర్ణాయకమైనవి రెండు: ఫలితాన్ని ముందే వండి పెట్టడం, తాళం రకం. తులనాత్మక పరీక్షలలో ఈ రెండూ సాధారణంగా ప్రస్తావనకే రావు.

అమెరికాలో 2013 అక్టోబరు 1న ప్రారంభమైన ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్.గవ్ కూడా ఇలాగే కుంగింది. పథకాల ధరలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలన్న నియమం వల్ల, ఊరికే చూసిపోదామని వచ్చినవారందరూ గుర్తింపు నమోదు వ్యవస్థ మీద పడ్డారు. తొలిరోజు నమోదు పూర్తిచేసుకోగలిగినవారు ఆరుగురు. ఆ నియమం సడలించడం, నిరీక్షణ వరుస ఏర్పాటు చేయడం, యంత్రాలు పెంచడం వంటి మార్పులతో కోలుకుంది. భారత రైల్వేలు 2015 జూన్ నుంచి తత్కాల్ సమయాన్ని ఏసీ తరగతులకు 10 గంటలకు, ఇతర తరగతులకు 11 గంటలకు విడదీయడం మరీ ఆసక్తికరమైన ఉదాహరణ. ఒక్క ప్రోగ్రామ్ ముట్టుకోకుండానే శిఖరాన్ని రెండుగా చీల్చిన నిర్ణయం అది. తిరుమలలో టైమ్‌స్లాట్ టోకెన్ చేసే పని కూడా ఇదే.

7. అరువు విలువల ట్యూనింగ్

ట్యూనింగ్ గురించిన రచనలో అధికభాగం విలువల జాబితాలే: ఫలానా అంకెను ఇంతకు పెంచండి, ఫలానాదాన్ని ఆన్ చేయండి. కారణం లేని విలువ ఎంత హాని చేయగలదో అపాచీలోని గరిష్ఠ ప్రాసెస్‌ల పరిమితి చూపుతుంది. 8 గిగాబైట్ల యంత్రంలో ఇతర అవసరాలకు పోను 6 గిగాబైట్లు మిగిలి, పీహెచ్‌పీతో కలిసిన ఒక్కో ప్రాసెస్ 40 మెగాబైట్లు తీసుకుంటే నిలబడగలిగేవి 150. రద్దీ వచ్చిందని దాన్ని 1,000కి పెంచినవారు యంత్రం మీద 40 గిగాబైట్ల భారం మోపుతారు. డిస్క్ మీదికి మెమరీ మోత మొదలైతే ప్రతి అభ్యర్థన కాలం పెరుగుతుంది. లిటిల్ సూత్రం ప్రకారం లోపలి సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఇక పాత అపాచీలో సమాధానం ఇచ్చాక కూడా కనెక్షన్‌ను 15 సెకన్లు తెరిచి ఉంచే ప్రారంభ విలువ ఉండేది. 150 ప్రాసెస్‌లు, మారు అడగని సందర్శకులు అయితే సెకనుకు కొత్తగా చేర్చుకోగలిగేది పదిమందినే. తరువాతి రూపాలలో 5 సెకన్లకు తగ్గించాక అది 30. ఒకే అంకె మూడు రెట్ల తేడా తెచ్చింది. ఈవెంట్ విధానంలో అదే అంకెకు ఆ ప్రాధాన్యం ఉండదు. ఏ నిర్మాణమో చెప్పకుండా అంకెను మాత్రమే సిఫారసు చేసే రచనకు అర్థం లేదు.

లినక్స్‌లోని టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ అనే అమరిక కథ ఇంకా చేదు. ముగిసిన కనెక్షన్ల అవశేషాలను త్వరగా తొలగిస్తుందన్న పేరుతో ఎన్నో ఏళ్లు ప్రతి ట్యూనింగ్ జాబితాలోనూ అది చోటు చేసుకుంది. ఒకే చిరునామా వెనుక అనేక యంత్రాలు ఉంటే, వాటి కాలముద్రలు వరుసలో లేవన్న కారణంతో కొందరి కనెక్షన్లను అది నిశ్శబ్దంగా తోసిపుచ్చేది. కళాశాల ప్రయోగశాల మొత్తం ఒక్క చిరునామాతో బయటికి వెళ్లేచోట, మొబైల్ సంస్థలు వేలమందిని ఒక చిరునామా వెనుక ఉంచేచోట, దీని ఫలితం ఊహించవచ్చు: పక్కవాడికి తెరుచుకున్న పేజీ తనకు తెరుచుకోదు, సర్వర్ చిట్టాలో ఏ దోషమూ కనిపించదు. 2017లో లినక్స్ 4.12 నుంచి ఆ అమరికనే తీసివేశారు. ప్రయోగశాలలో ఒకే యంత్రం నుంచి భారం పంపి కొలిచినవారికి ఈ హాని ఎన్నడూ కనిపించే అవకాశం లేదు. జాబితా అంతకాలం మనగలగడానికి కారణం కూడా అదే.

గుమ్మం దగ్గరి వరుస పొడవు కూడా ఇటువంటిదే. లినక్స్‌లో దీని ప్రారంభ పరిమితి చాలాకాలం 128గా ఉండి, 5.4 రూపంలో 4,096 అయింది. క్షణకాలపు ఉప్పెనను మింగడానికి పొడవైన వరుస మంచిదే. లోపలి పని వేగమే తక్కువైనచోట మాత్రం అది నిరాకరణను వాయిదా వేస్తుంది. వెంటనే “పది నిమిషాల తరువాత రండి” అని చెప్పే తేలికైన పేజీ ఎన్నో మేలు. దురదృష్టవశాత్తు, పరీక్షల పట్టీలలో ఈ సమాధానం వైఫల్యంగా నమోదవుతుంది.

8. ఎంపికకు మిగిలే చోటు

పై విమర్శ సాఫ్ట్‌వేర్ ఎంపిక నిరర్థకమని చెప్పదు. నెమ్మది కనెక్షన్ల విషయంలో అది నిర్ణాయకం. 100 కిలోబైట్ల పేజీని సెకనుకు 50 కిలోబిట్ల మొబైల్ సంకేతం మీద దింపుకోవడానికి 16 సెకన్లు పడుతుంది. పేజీ తయారీకి పట్టింది 50 మిల్లీసెకన్లే అయినా, ప్రీఫోర్క్ ప్రాసెస్ చాలామేరకు ఆ 16 సెకన్లూ బందీ అవుతుంది. రాబర్ట్ హాన్సెన్ 2009లో బయటపెట్టిన స్లోలోరిస్ దాడి ఈ బలహీనతనే ఆయుధం చేసుకుంది. కొన్ని వందల అసంపూర్ణ అభ్యర్థనలను చుక్కచుక్కగా పంపుతూ పెద్ద అపాచీ సర్వర్‌ను ఒక్క మామూలు కంప్యూటర్ నిలువరించగలిగింది. ఈవెంట్ ఆధారిత సర్వర్‌ను ముందు నిలిపి, పేజీ తయారీని వెనుక పరిమిత సంఖ్యలో ఉన్న ప్రాసెస్‌లకు అప్పగించే జోడు అమరిక ఇందుకే వ్యాపించింది. పట్టణంలో కేబుల్ మీద జరిపిన పరీక్షలో ఈ ప్రయోజనం కనిపించదు. మారుమూల పల్లెలో ఫలితం చూసుకునే విద్యార్థి వైపు నుంచి కొలిస్తే కనిపిస్తుంది. అంటే, ఎన్‌జిన్‌ఎక్స్ పక్షాన ఉన్న అత్యంత బలమైన వాదాన్ని దాన్ని గెలిపించిన పరీక్షలే వదిలేశాయి.

తెలుగు పేజీల విషయంలో కొలవవలసింది మరొకటి ఉంది. యూటీఎఫ్-8లో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. “స్త్రీ” అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. కుదింపుతో ఈ భారం చాలావరకు తగ్గుతుంది. అయితే ప్రతి అభ్యర్థనకూ అప్పటికప్పుడు కుదిస్తే భారం నెట్‌వర్క్ నుంచి ప్రాసెసర్ మీదికి మారుతుంది. ముందే కుదించి ఉంచిన ఫైళ్లను అందిస్తే రెండు భారాలూ తప్పుతాయి. తెలుగు పత్రిక పుటనో, తెలుగులోని మార్కుల జాబితానో పరీక్షా వస్తువుగా తీసుకుని, కుదింపు మూడు స్థితులలో, వివృత రద్దీతో, నెమ్మది కనెక్షన్లతో, సగటుకు బదులు చివరి ఒక్క శాతం మంది నిరీక్షణను నమోదు చేయడం ఒక ఎం.టెక్ విద్యార్థి ప్రయోగశాలలో చేయగలిగిన పనే. దానికి కావలసినవి రెండు పాత యంత్రాలు, ఒక స్విచ్, నెట్‌వర్క్ వేగాన్ని కావాలని తగ్గించే లినక్స్ ఆదేశం.